గాదె క్రింద కలుగు, మంచం క్రింద పాము

తొలకరి పడిన వారం పది రోజులలో ఇంట్లో పాము కనిపిస్తే మనలో చాలామంది చేసే పని ఒక్కటే, కర్ర వెదకడం. కర్రతో ఆ రాత్రి గడుస్తుంది. పాము ఎందుకు వచ్చిందన్న ప్రశ్న మాత్రం ఆ పాముతోపాటే పెరట్లో పూడ్చిపెట్టబడుతుంది. నిజానికి చాలా ఇళ్ళలో దానికి జవాబు ధాన్యం నిలవ ఉంచిన గదిలోనే ఉంటుంది. ఈ వ్యాసం చదివిన తరువాత ఒకసారి టార్చిలైటు తీసుకొని గాదె అడుగున, బస్తాల వెనుక పరిశీలించండి. నల్లని పెంటికలు, గోడ వెంబడి జిడ్డు చార, మూలన గుప్పెడు తాజా మన్ను కనిపించాయంటే మీ ఇంట ఎలుక కాపురం పెట్టి చాలా కాలమైందని అర్థం. దాని వెంట పాము రావడానికి ఇక ఎక్కువ కాలం పట్టదు.

ఈ విషయాన్ని ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్‌ను ఆనుకొని ఉన్న కోనిని ఆధారంగా చేసుకొని పరిశీలిద్దాం. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుండి బిలాస్‌పూర్ రైలు పట్టణం. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు అదే ప్రధాన కేంద్రమయింది. రైల్వే కొలువుల నిమిత్తం తెలుగు ప్రాంతాల నుండి వెళ్ళి తరాలుగా అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఆ పట్టణంలో ఉన్నాయి. రతన్‌పూర్ దారిలో, అర్పా నది చెంత ఉన్న కోనిలో 1983లో స్థాపించిన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం ఉంది. ఒక ప్రక్క చెట్లూ పొదలూ గల విశాలమైన ప్రాంగణం, మరొక ప్రక్క నది, చుట్టూ వరి పండే నేల, వీటి నడుమ పెరుగుతున్న ఇళ్ళు. ఇందులో కోని పేరు తీసివేసి పాలకొండ అనో, సత్తుపల్లి అనో, మీ ఊరి పేరే అనో వ్రాసుకున్నా వ్యాసంలో మార్చవలసినది పెద్దగా ఉండదు.

పొలానికీ పట్నానికీ మధ్య ఉన్న ఇంటికి రెండు వైపుల చిక్కులూ తప్పవు. పల్లెలో ధాన్యానికి వేరే కొట్టు ఉంటుంది. పట్నంలో ధాన్యమే ఉండదు. ఇటువంటి శివారు ఇంట్లోనో, తినే వడ్లూ విత్తనపు వడ్లూ పడుకునే గదిలోనే ఒక మూల బస్తాలలో ఉంటాయి. ప్రక్క ఖాళీ స్థలంలో పొదలు పెరుగుతాయి. ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకల కుప్ప ప్రహరీ వెంబడి ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది. ఎలుకకు ఇంతకన్న మంచి నివాసం లేదు.

ఏడాదిలో రెండు సార్లు పొలంలోని ఎలుకలు ఇంటి ముఖం పడతాయి. మొదటిది వానలు ముదిరి పొలంగట్లలోని కలుగులు నీట మునిగినప్పుడు. రెండవది కోతలు ముగిసి, పొలం ఖాళీ అయి, గింజ ఇల్లు చేరినప్పుడు. జెర్రిపోతు, నాగుపాము ఎలుకలను ప్రధాన ఆహారంగా వేటాడుతాయి. ఎలుక త్రవ్విన కలుగే వాటికి సిద్ధంగా దొరికిన ఇల్లు. కట్లపాము ఎలుకలతోపాటు బల్లులను, కప్పలను, ఇతర పాములను కూడ తింటుంది. కనుక గింజ ఎలుకను పిలుస్తుంది, ఎలుక పామును పిలుస్తుంది. మనకు కనిపించేది చివరి అతిథి మాత్రమే.

పందికొక్కు గురించి ఒక మాట. పొలంగట్లనూ, ఇళ్ళ పునాదులనూ గుల్ల చేసే ఈ జంతువును ఇంగ్లీషువారు ‘బ్యాండికూట్’ అంటారు. అది మన ‘పందికొక్కు’ అన్న మాటకు వచ్చిన రూపమే. అంటే ఈ శత్రువుకు లోకానికంతటికీ పేరు పెట్టినది తెలుగువారు. పేరు పెట్టినంత శ్రద్ధ గాదె కట్టడంలో చూపించామా అన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు లెక్క చూడండి. ఎదిగిన ఎలుక రోజుకు సుమారు 25 గ్రాముల గింజ తింటుందనుకుంటే, పది ఎలుకలు ఏడాదిలో తినేది 91 కిలోలు. అంటే ఒక పెద్ద బస్తాకు తక్కువ కాదు. ఇది కడుపులోకి పోయినది మాత్రమే. మూత్రంతో, పెంటికలతో, వెంట్రుకలతో పాడయ్యేది, చిరిగిన గోనె నుండి మట్టిపాలయ్యేది దీనికి అదనం. ఆ మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వంటి జబ్బులు మనుషులకు సంక్రమిస్తాయి. ఇంటి ఎలుక మూడు వారాల చూలుతో ఈనుతుంది. ఈతకు ఆరు నుండి ఎనిమిది పిల్లలు. రెండు మూడు నెలలలో ఆ పిల్లలే తల్లులవుతాయి. చక్రవడ్డీ లెక్క తెలిసినవారికి ఇంతకన్న చెప్పనక్కరలేదు. ముందరి పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక ఆకలి లేకపోయినా ఎలుక కొరకడం మానదు. గోనె, తడిక, మట్టి గోడ, పల్చటి ప్లాస్టిక్ డబ్బా, ఏదీ దానికి అడ్డు కాదు.

అడ్డు అయ్యేది రేకు, సిమెంటు, ఎత్తు. కేంద్రప్రభుత్వం 1960వ దశకంలో ప్రారంభించిన ధాన్య పరిరక్షణ ఉద్యమం నాటి నుండి ఉత్తరప్రదేశ్‌లోని హాపూర్ ధాన్య నిల్వ సంస్థ పేరుతో ప్రచారంలోకి వచ్చిన రేకు గాదెలు ఇందుకు ఉద్దేశించినవే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన ‘పూసా గాదె’ ఇంకా చవక. పచ్చి ఇటుకలతో రెండు గోడలు కట్టి, నడుమ పాలిథిన్ షీటు పరచడం దాని రహస్యం. ఎలుక త్రవ్వకుండా అడుగు భాగంలో బయటి గోడకు మాత్రం కాల్చిన ఇటుక వాడాలి. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ‘కోఠీ’ అని పిలిచే మట్టి గాదె ఉన్నవారు దానిని పడగొట్టనవసరం లేదు. ఇదే పద్ధతిలో దాని అడుగును గట్టిపరిస్తే చాలు. గాదె ఏదయినా అందులో పోసే ధాన్యం బాగా ఎండి ఉండాలి. పంటి క్రింద గింజ టక్కున విరగాలి, నలగకూడదు. తడి గింజను రేకు గాదెలో పోసి, బూజు పట్టిన తరువాత గాదెను నిందించడం న్యాయం కాదు.

బస్తాలే గతి అయినవారు వాటిని నేల మీదగాని, గోడకు ఆనించిగాని పెట్టవద్దు. మూడడుగుల ఎత్తుగల బల్ల చేయించి, దాని కాళ్ళకు గరాటు ఆకారంలో రేకు తొడుగులు బోర్లించండి. చుట్టూ మనిషి తిరిగేటంత జాగా వదలండి. మీరు చీపురు పట్టుకొని తిరగగల చోట ఎలుక కాపురం పెట్టదు.

తరువాత ఇల్లు. చిటికెన వ్రేలు పట్టే కన్నం చాలు, చుంచెలుక లోపలికి వస్తుంది. బొటనవ్రేలు పట్టే కన్నంలో పిల్ల ఎలుక దూరుతుంది, పాముకు కూడ అంత చాలు. తలుపు క్రింద సందు, నీరు పోయే తూము, కరెంటు తీగ వచ్చే రంధ్రం, చూరు క్రింద గోడకూ పెంకుకూ మధ్య ఖాళీ, ఈ నాలుగూ ముందు చూడండి. తూముకు సన్నకన్నుల ఇనుప జాలీ, తలుపు అడుగున రేకు పట్టీ, మిగిలిన కన్నాలకు గాజుపెంకులు కలిపిన సిమెంటు. కట్టెలూ పిడకలూ ఇంటి గోడకు దూరంగా, నేలకు ఎత్తుగా పేర్చండి. ఆ ఇటుకల కుప్పను ఎవరికైనా ఇచ్చివేయండి.

వీటన్నిటికీ డబ్బు ఎక్కడిదని మీరు అడగవచ్చు. ఋణ దరఖాస్తులలో బావికి, మోటారుకు, ట్రాక్టరుకు అడిగేవారు ఎందరో, గాదెకు అడిగేవారు అరుదు. పండించడానికి అప్పు చేస్తాం, పండినదానిని కాపాడడానికి చేయం. 1998లో ప్రవేశపెట్టి, 2012లో సవరించిన కిసాన్ క్రెడిట్ కార్డు పథకంలో పంట ఖర్చుకు తోడు కోత అనంతర ఖర్చులకు, గృహావసరాలకు 10 శాతం, వ్యవసాయ ఆస్తుల మరమ్మతులకు 20 శాతం పరిమితిలో కలిపి లెక్కకట్టే వీలు కల్పించారు. గాదె అడుగు గట్టిపరచడం, బల్ల చేయించడం ఇటువంటి ఖర్చులే. మీ పరిమితిలో అందుకు ఎంత వీలుందో శాఖలో అడిగి తెలుసుకోండి. స్వయం సహాయక బృందంలోని మహిళలు నలుగురైదుగురు కలిసి ఒకేసారి రేకు గాదెలు చేయిస్తే మజూరీ కూడ తగ్గుతుంది.

ఇక అమ్మదలచిన ధాన్యాన్ని ధర కోసం పడకగదిలో నిలవ ఉంచడం ఏ విధంగానూ సబబు కాదు. 2007 నాటి గిడ్డంగుల చట్టం క్రింద నమోదైన గిడ్డంగిలో ధాన్యం పెడితే వచ్చే రసీదుపై బ్యాంకు ఋణం లభిస్తుంది. ఎలుకల బాధ గిడ్డంగివారు పడతారు, మీరు ధర కోసం ఎదురుచూడవచ్చు.

విషం సంగతి చివరికి వదిలాము, కారణముంది. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్లన్న సామెత విషం వాడేవారిని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. గింజను అందుబాటులో ఉంచి విషం పెడితే చచ్చిన ఎలుకల స్థానంలోకి నాలుగు నెలలలో కొత్తవి వస్తాయి. జింక్ ఫాస్ఫైడ్‌తో ఒకసారి జబ్బుపడి బ్రతికిన ఎలుక మళ్ళీ ఆ ఎరను ముట్టదు. అందువల్ల ముందు రెండు మూడు రోజులు నూనె కలిపిన నూకలు మాత్రమే పెట్టి అలవాటు చేసి, ఆ తరువాత 96 పాళ్ళ నూకలకు 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ మందు కలుపుతారు. ఇది పొలానికి తగిన పద్ధతి. ఈ మందుకు విరుగుడు లేదు కనుక పిల్లలు తిరిగే ఇంట్లో దీనిని వాడవద్దని మా గట్టి సలహా. బ్రోమాడియోలోన్ బిళ్ళలు మెల్లగా పనిచేస్తాయి, వాటికి ‘కె’ విటమిను విరుగుడుగా ఉంది. అయినా మూత గల ఎర పెట్టెలోనే పెట్టాలి. చచ్చిన ఎలుకలను పూడ్చిపెట్టాలి, లేకపోతే వాటిని తిన్న పిల్లులూ గుడ్లగూబలూ కూడ నశిస్తాయి. గుడ్లగూబ ఇంటిపై వాలితే అశుభమని తరిమేవారున్నారు. రాత్రంతా జీతం లేకుండా ఎలుకలు పట్టే పక్షిని తరమడంకన్న అశుభం ఏముంటుంది? గిడ్డంగులలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను మాత్రం ఎవరు ఇచ్చినా ఇంట్లోకి రానీయవద్దు. వాటినుండి వెలువడే వాయువు ఎలుకతో ఆగదు, ప్రక్క గదిలో నిద్రించేవారి ప్రాణం కూడ తీస్తుంది. సామాన్యులకు వాటి అమ్మకంపై ఆంక్షలున్నది అందుకే.

బోను చాలామంది చులకన చేసే సాధనం. కన్నాలు పూడ్చిన ఇంట్లో మిగిలిపోయిన నాలుగైదు ఎలుకలకు బోనే చాలు. గోడ వెంబడి, ఎలుక నడిచే చార మీద పెట్టండి, గది మధ్యలో కాదు. కోస్తా జిల్లాల వరిపొలాలలో యానాదులు కలుగుకు పొగపెట్టి ఎలుకలు పట్టే నేర్పు ప్రసిద్ధం. విషం ఖర్చుతో పోలిస్తే వారికిచ్చే కూలి దండుగ కాదు.

గింజ పిలిచే అతిథులలో ఎలుక చిన్నది. కోనికి ఈశాన్యాన ఉన్న కోర్బా జిల్లాలో ఏనుగులు ఇంటి గోడలు కూల్చి లోపలి వడ్లు, ఇప్పపువ్వు తిన్న సంఘటనలు పలుమార్లు జరిగాయి. ఉత్తరాన మర్వాహీ ప్రాంతం ఎలుగుబంట్లకు పేరుపడింది. ఇప్పపువ్వు వాటికీ ప్రీతి. జంతువు ఏదయినా సూత్రం అదే. కోతుల విషయమూ అంతే. తెలంగాణలో నిర్మల్ వద్ద 2020లో కోతుల పునరావాస కేంద్రం ఏర్పాటయింది. అది ప్రభుత్వం చేయగల పని. గృహస్థు చేయగలిగినది మొదటి అరటిపండు ఇవ్వకపోవడం.

ఇన్ని చేసినా పాము రావచ్చు. వచ్చినది జెర్రిపోతు అయితే అది విషం లేనిది, ఎలుకల పాలిట యముడు. అక్కడివారు దానిని ‘ధామన్’ అంటారు. నాగుపామును ‘డోమీ’ అని, కట్లపామును ‘కరైత్’ అని పిలుస్తారు. ఆ ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారు ఈ పేర్లు నేర్చుకోవడం అవసరం, ఆసుపత్రిలో వివరం చెప్పవలసిన క్షణంలో తడుముకోకుండా ఉంటారు. పామును కొట్టడానికి వెళ్ళినవారే కాటుకు గురి కావడం తరచు జరుగుతుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద నాగుపాము, జెర్రిపోతు వంటివాటిని చంపడం నేరం. దూరంగా నిలబడి, ఒకరు దానిపై చూపు ఉంచి, మరొకరు అటవీశాఖకుగాని, శిక్షణ గల పాములు పట్టేవారికిగాని కబురు చేయండి. వెల్లుల్లి, ఫినాయిలు, పాములమందు పేరుతో అమ్మే పొడులు పామును ఆపుతాయని నమ్మి కన్నాన్ని తెరిచి ఉంచవద్దు.

అందరికన్న భయపడవలసినది కట్లపాముకు. అది పగలు దాగి, రాత్రి తిరుగుతుంది. నేలపై పడుకున్నవారి ప్రక్కకు చేరుతుంది. దాని కాటు చీమ కుట్టినట్లు కూడ ఉండకపోవచ్చు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే రాత్రి తిన్నది పడలేదని సోడా త్రాగించి కూర్చోవద్దు. వానాకాలంలో నేలపై పడుకున్న మనిషిలో ఈ లక్షణాలు పాముకాటుగానే భావించి ఆసుపత్రికి బయలుదేరాలి. దీనికి నివారణ అతి చవకైనది. మంచం మీద పడుకోవడం, దోమతెర అంచులను పరుపు క్రిందికి మడిచి దోపడం. దోమతెరలో నిద్రించేవారికి పాముకాటు ప్రమాదం బాగా తగ్గుతుందని ఆగ్నేయ నేపాల్ గ్రామాలలో జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. దోమకూ పాముకూ ఒకే తెర.

మన దేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58,000 మంది మరణించారని 2020లో ప్రచురితమైన అంచనా తెలుపుతున్నది. అందులో దాదాపు సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే సంభవించాయి. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది.

కాటు పడితే చేయవలసినవి కొద్దిగానే ఉన్నాయి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసివేయండి. కాటుపడిన కాలునో చేతినో విరిగిన ఎముకకు కట్టినట్లు బద్దతో కదలకుండా ఉంచండి. నడిపించవద్దు. గట్టిగా తాడు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. 108 వాహనం ఆలస్యమయ్యేట్లుంటే మోటారుసైకిలుపై ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకువెళ్ళండి. కోనివారికి బిలాస్‌పూర్‌లో సిమ్స్ బోధనాసుపత్రి ఉంది. మీ ఊరికి విషవిరుగుడు సూదిమందు, కృత్రిమ శ్వాసయంత్రం ఉన్న ఆసుపత్రి ఏదో వానలకు ముందే విచారించి గోడ మీద వ్రాసి పెట్టుకోండి. మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర అనే నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. కనుక పామును చంపి తీసుకువెళ్ళనవసరం లేదు. మంత్రం వేయించుకొని బ్రతికినవారు మీ ఊళ్ళో ఉంటారు. ఎక్కువ పాములకు విషమే ఉండదు, విషమున్న పాము కూడ ప్రతి కాటులో విషం దించదు. మంత్రగాని కీర్తి అంతా ఆ పాముల చలవే.

ఆసుపత్రికి వెళ్ళడంలో మరొక ప్రయోజనం ఉన్నది, అది చెప్పడం ఈ పత్రిక ధర్మం. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో 18 నుండి 70 ఏళ్ళ లోపు ఖాతాదారులకు ప్రమాద మరణంపై 2 లక్షల రూపాయలు చెల్లిస్తారు. పాముకాటు ప్రమాదం క్రిందికే వస్తుంది. అయితే అటువంటి సంఘటనలలో మరణకారణాన్ని వెంటనే చేరిన ఆసుపత్రి రికార్డు బలపరచాలని నియమం. మంత్రగాని గుడిసెలో రికార్డు ఉండదు. ఛత్తీస్‌గఢ్‌లో రెవెన్యూ పుస్తక సర్క్యులరు 6-4 క్రింద పాముకాటు మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయల సహాయం లభిస్తుంది. దానికి పోస్టుమార్టం నివేదిక కావాలి. దుఃఖంలో ఉన్న కుటుంబం తెల్లవారకుండానే దహనం ముగించి, నెల తరువాత కాగితం కోసం తిరిగితే బ్యాంకు మేనేజరుగాని, తహసీలుదారుగాని చేయగలిగినది చాలా తక్కువ. ఈ మాట ఆ సమయంలో చెప్పడం కష్టం, ఇప్పుడే చెబుతున్నాము. బీమా దావాను సాధ్యమైనంతవరకు 30 రోజులలోగా శాఖలో దాఖలు చేయాలి. నామినీ పేరు సరిగా ఉన్నదో లేదో ముందే చూసుకోండి.

ఈ బీమా సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది. మొదట 12 రూపాయలుగా ఉన్న ప్రీమియం 2022 జూన్ నుండి 20 రూపాయలయింది. అది మే నెల చివరివారంలో మీ ఖాతా నుండి దానంతట అదే తీసుకోబడుతుంది, ఖాతాలో నిల్వ ఉంటేనే. లేకపోతే ఆ మొత్తం చెల్లించేవరకు రక్షణ ఉండదు, ఈలోగా తొలకరి వచ్చేస్తుంది. కన్నాలు పూడ్చడానికి సిమెంటు కొనే రోజున పాసుపుస్తకం కూడ వెంట తీసుకువెళ్ళి, ఆ 20 రూపాయల పద్దు పడిందో లేదో చూసుకొని రండి.